నాన్న వందేళ్ల చెక్క రోలర్ కోస్టర్ ఎక్కుతానంటున్నారు, ఎక్కించొచ్చా?

బిట్రగుంట_బుల్లోడు
అమ్మా నాన్నా మూడు వారాల కిందట ఊర్నించి వచ్చారు. మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. మొన్న ఆదివారం సముద్రం చూపిద్దామని శాంటాక్రూజ్ తీసుకెళ్లా. అక్కడ బోర్డ్‌వాక్ అని ఒడ్డునే ఉండే వినోదాల పార్కులో ఎరుపూ తెలుపూ రంగుల్లో చెక్క రోలర్ కోస్టర్ ఉంటుంది కదా, జెయింట్ డిప్పర్. దాన్ని చూశాక నాన్న సముద్రం వైపు తిరగనే లేదు. కంచె పట్టుకుని నలభై నిమిషాలు నిలబడిపోయారు. 1924లో కట్టిందని చెప్పేసరికి "ఒరేయ్, ఇది ఎక్కాల్సిందే" అన్నారు.

ఆయన రైల్వేలో ముప్పై మూడేళ్లు చేశారు. పట్టాలు చూసే గ్యాంగ్‌లో చేరి, రోజూ పట్టా వెంట నడిచి బిగింపులు చూసే కీమ్యాన్‌గా చేసి, గ్యాంగ్‌ని నడిపించే మేట్‌గా రిటైరయ్యారు. వయసు 66. బీపీ మాత్ర వేసుకుంటారు. గుండె జబ్బు లేదు, మోకాళ్లు నాకంటే గట్టివి. అమ్మేమో "ఆ ముసలి చెక్కల మీద ఈ ముసలాయన్ని ఎక్కిస్తావా" అని ఏడుపొక్కటే తక్కువ. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. బండి పోతుంటే ఆ దూలాలు కదులుతున్నాయి, కళ్లారా చూశా. వందేళ్ల చెక్క అట్లా ఊగొచ్చా? ఎక్కినవాళ్లు చెప్పండి. వచ్చే ఆదివారం మళ్లీ పోదామని పట్టుబట్టి కూర్చున్నారు.

సన్నీవేల్_సుబ్బు
హైవే 17 మలుపుల్లో మీ డ్రైవింగ్ తట్టుకుని వచ్చారంటే ఆయన ఏ కోస్టరైనా తట్టుకుంటారు.

కాకినాడ_కాజా
డిప్పర్ అంటే గరిటే కదండీ. అమ్మగారికి "పెద్ద గరిటె" ఎక్కుతున్నాం అని చెప్పండి, సగం భయం పోద్ది.

వెన్నెల_ముగ్గు
కాజా గారూ, బిగ్ డిప్పర్ అంటే మన సప్తర్షి మండలం. సప్తర్షుల పేరు చెప్తే ఆవిడే దణ్ణం పెట్టుకుని ఎక్కుతారు.

నిజామాబాద్_నర్సింగ్
నాకైతే ఇనుప దాని మీదనే నమ్మకం లేదన్నా, చెక్కదంట! మా దిక్కు జాతరల జెయింట్ వీల్ ఎక్కిన చిన్నప్పుడు. మీద ఉన్నప్పుడు కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు గాల్లనే కూసున్న. కింద జెనరేటర్ తాడు గుంజుతుండ్రు, అది దగ్గుతది, ఆగుతది. గప్పటి సంది నేను కింద నిలవడి పాప్‌కార్న్ తినే బ్యాచ్.

నట్టు_బోల్టు
నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. వంతెనలు నా పని, చెక్క కోస్టర్లు పిచ్చి. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా, ఓపిక లేనివాళ్లు కిందికి జరగండి.

బుల్లోడు గారూ, మీరు చూసి భయపడ్డ ఆ ఊగడమే దాని ఆరోగ్యం. కర్రకి వంగే గుణం ఉంది. బరువు మీద పడ్డప్పుడు కాస్త వంగుతుంది, బండి దాటగానే తన చోటికి వచ్చేస్తుంది. కదలకుండా బిగించేస్తే ఆ దెబ్బంతా బోల్టు రంధ్రాల మీద పడి చెక్క అక్కడే చీలుతుంది. తాటిచెట్టు గాలికి ఊగుతుంది, కరెంటు స్తంభం ఊగదు. తుఫాను వెళ్లాక రోడ్డుకి అడ్డంగా ఏది పడి ఉంటుందో కోస్తా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక పట్టా సంగతి. పలకల మీద పలకలు పొరలు పొరలుగా పేర్చి, పైన చదునైన ఇనుప పట్టీ వేస్తారు. చక్రం నడిచేది ఆ పట్టీ మీద. చక్రాలు మూడు రకాలు. బరువు మోసేవి పైన, వంపుల్లో ఒరుసుకునేవి పక్కన, ఇంకో జత పట్టా అడుగున. మిట్ట దాటేటప్పుడు బండి పైకి లేవబోతే ఈ అడుగు చక్రమే పట్టుకుంటుంది. 1919లో జాన్ మిల్లర్ అనే డిజైనర్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు బండి పట్టా మీద ఊరికే కూర్చునేది, అందుకని మెల్లగానే నడపాల్సొచ్చేది. పెన్సిల్వేనియాలో ఆల్టూనా అనే ఊళ్లో 1902 నాటి లీప్ ద డిప్స్ ఉంది, ప్రపంచంలో ఇప్పటికీ నిలబడి ఉన్నవాటిలో అదే పాతది. 41 అడుగుల ఎత్తు, గంటకి పది మైళ్ల వేగం, అడుగు చక్రాలు లేవు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకే జెయింట్ డిప్పర్ 70 అడుగుల ఎత్తు, 55 మైళ్ల వేగానికి పోయిందంటే ఆ చిన్న చక్రం పుణ్యమే.

ఎత్తు ఎక్కేటప్పుడు టకటకటక అని వినిపిస్తుంది చూశారా, అది బండిని పైకి లాగే గొలుసు చప్పుడనుకుంటారు చాలామంది. కాదు. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్ల మీద పడుతూ పోయే కొక్కెం అది. అదీ మిల్లర్ బుర్రే. ఆ టకటక వినిపిస్తున్నంతసేపూ ధైర్యంగా ఉండొచ్చు. ఆగాక మాత్రం దేవుణ్ణి తలుచుకోవచ్చు, ఎందుకంటే పైకి వచ్చేశారన్నమాట.

నిజామాబాద్_నర్సింగ్
నీ ధైర్యం చెప్పుడు మస్తున్నది గానీ లాస్ట్ లైన్ల మళ్ల భయపెట్టినవ్ అన్నా.

రాత్రి_డ్యూటీ_డాక్టర్
ఆన్‌లైన్‌లో వైద్యం చెప్పను, ముందే చెప్తున్నా. బీపీ ఉందనగానే వద్దనీ కాదు, మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి పర్లేదనీ కాదు. ఎంత అదుపులో ఉందన్నది ముఖ్యం. మెడ, వెన్ను, గుండె బాధలు ఉన్నవాళ్లు ఎక్కొద్దని ఇలాంటి రైడ్ల దగ్గర బోర్డే ఉంటుంది, ఆయనకి చదివి వినిపించండి. వారం రోజులు పొద్దునా సాయంత్రం బీపీ చూసి రాసిపెట్టి, ఊళ్లో ఆయన్ని చూసే డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. "ఊగే చెక్క బండి" అని కాకుండా "కుదుపు ఎక్కువుండే రోలర్ కోస్టర్" అని అడగండి. మా నాన్న ఇలాగే "చిన్న రైలు" అని చెప్పి డాక్టర్ దగ్గర పర్మిషన్ కొట్టేశారు.

పాత_కాపు
1986 నుంచి ఈ ఏరియాలో ఉన్నాను. ఆ భూకంపం కథ ఎవరూ చెప్పలేదేమిటి? 1989 అక్టోబరు 17, సాయంత్రం 5:04. నేను ఆఫీసులో బల్ల కింద దూరాను, పైన సీలింగు పలకలు ఊడి కీబోర్డు మీద పడ్డాయి. తీవ్రత 6.9. కేంద్రం శాంటాక్రూజ్ కొండల్లోనే, అంటే ఆ ఊరికి పక్కనే. డౌన్‌టౌన్‌లో పాత ఇటుక కట్టడాలు కూలిపోయాయి, మనుషులు పోయారు. మూడు నాలుగు నెలల తర్వాత వెళ్తే బజారంతా కంచెలు, ఖాళీ జాగాలు. అక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరంలో సముద్రం ఒడ్డున జెయింట్ డిప్పర్ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. నట్టు గారి తాటిచెట్టు మాట నాకు అప్పుడే తెలిసుంటే బాగుండేది. నేను అప్పట్లో దేవుడి మహిమ అనుకున్నాను.

నట్టు_బోల్టు
దేవుడి వాటా నేను కాదనను కాపు గారూ.

గోంగూర_గోపి
47 రోజుల్లో కట్టారట దాన్ని, 50 వేల డాలర్లతో. అప్పట్లో టికెట్ 15 సెంట్లు. మా ఇంటి వెనక చెక్క డెక్ వేసుకోడానికి పర్మిట్ రావడానికే ఏడు నెలలు పట్టింది. డెక్ మీద నుంచి ఎవరూ 55 మైళ్ల వేగంతో దూకరని ఎంత చెప్పినా వినలేదు.

సన్నీవేల్_సుబ్బు
గోపీ, నీ డెక్ నేను చూశా. పర్మిట్ ఆపినవాడు పుణ్యాత్ముడు.

ఎడిసన్_ఎంకి
పశ్చిమం వాళ్లు ఎప్పుడూ మీ ఊరి గొప్పే చెప్పుకుంటారు. అసలైన చెక్క కోస్టర్ అంటే న్యూయార్క్‌లో కోనీ ఐలాండ్ సైక్లోన్. 1927 జూన్‌లో మొదలైంది. 85 అడుగుల ఎత్తు. మొదటి దిగుడులో కడుపులో దేవేసి నా పైప్రాణాలు పైనే పోయాయి. పైగా అది ఉన్న చోటే 1884లో లామార్కస్ థామ్సన్ స్విచ్‌బ్యాక్ రైల్వే నడిపాడు. అమెరికాలో కోస్టర్ కథ మొదలైందే అక్కడ. మా పెళ్లైన కొత్తలో మా ఆయన నన్ను ఎక్కించి, తను ఒక్కసారి కూడా అరవలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కనే కూర్చున్నా, నాకు తెలీదా.

నట్టు_బోల్టు
ఎంకి గారూ, మనసు నొచ్చుకోకండి. సైక్లోన్‌ది చెక్క పట్టా, కానీ దాన్ని నిలబెట్టింది ఉక్కు చట్రం. మీది చెక్క పలకలు వేసిన ఇనుప మంచం.

ఎడిసన్_ఎంకి
ఇనుప మంచమా?? అది చెక్క కోస్టరేనని ప్రపంచమంతా ఒప్పుకుంది. 1991లో జాతీయ చారిత్రక చిహ్నం కూడా అయింది.

నట్టు_బోల్టు
చెక్కదే, నేను కాదన్లేదు. పట్టా ఏదైతే ఆ జాతే. బండి నడిచేది చెక్క మీద కాబట్టి ఆ కుదుపు, ఆ చప్పుడు అన్నీ చెక్కవే. శాంటాక్రూజ్‌ది నేల నుంచి నెత్తి దాకా కర్రే అంటున్నానంతే. దానికి చారిత్రక గుర్తింపు 1987లోనే వచ్చింది, మీకంటే నాలుగేళ్ల ముందు :)

వెన్నెల_ముగ్గు
ఇద్దరూ సంబంధాలు మాట్లాడుకుంటున్నట్టుంది. "మా అబ్బాయికి 1987లోనే ఉద్యోగం వచ్చింది."

పిట్స్‌బర్గ్_పద్దు
ఈస్టంటే న్యూయార్కేనా? పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్లంతా పులిహోర తిని వెనక్కి వెళ్లిపోతారు. అక్కణ్ణించి కాసేపు కారు నడిపితే కెన్నీవుడ్. అక్కడ ఒక్క పార్కులో మూడు పాత చెక్కవి ఉన్నాయి. జాక్ రాబిట్ 1920ది, పైన చెప్పిన జాన్ మిల్లర్‌దే. దాంట్లో ఒక దిగుడు మధ్యలో మళ్లీ దిగుడు, సీట్లోంచి నిలువునా లేచిపోతాం. రేసర్ 1927ది. రెండు బండ్లు పక్కపక్కనే పందెం వేస్తాయి. ఎడమ పక్క ఎక్కితే కుడి పక్క దిగుతాం, ఎందుకంటే చూడ్డానికి రెండు పట్టాల్లా ఉన్నా అది మెలికపడ్డ ఒకటే పట్టా. థండర్‌బోల్ట్ మూడోది, 1924లో వేరే పేరుతో కట్టి 1968లో మార్చారు. మా అత్తగారు కిందటేడు గుడికి వచ్చి, జాక్ రాబిట్ రెండుసార్లు ఎక్కి, తలనీలాల మొక్కు మాత్రం తిరుపతికి వాయిదా వేశారు.

కాకినాడ_కాజా
పద్దు గారి అత్తగారు నాకు నచ్చేశారండీ ఆయ్.

ఉప్పుడు_పిండి
నేను ఒప్పుకోను. వేరే రాష్ట్రంలో, పార్కు పేరు వద్దులెండి, ఇలాంటి పాత చెక్కది ఎక్కితే మెడ పట్టేసి నాలుగు రోజులు పక్కకి తిరగలేదు. కారు రివర్సు చెయ్యాలన్నా మా ఆవిడే. "చారిత్రకం" అన్న మాట చెప్పి కుదుపుని గొప్పగా అమ్ముతున్నారు. ఉక్కువి నున్నగా పోతాయి, తలకిందులుగా తిప్పినా మెడకేం కాదు. డిస్నీలాండ్ వాళ్లు 1959లోనే మాటర్‌హార్న్‌కి ఉక్కు గొట్టాల పట్టా వేస్తే, మనం ఇంకా చెక్కని పట్టుకుని వేలాడ్డం ఏమిటో. 66 ఏళ్ల మనిషికి అసలు వద్దు.

పిట్స్‌బర్గ్_పద్దు
ఉప్పుడు పిండి గారూ, ఏ పెట్టెలో కూర్చున్నారు?

ఉప్పుడు_పిండి
చివర్లో. లైను తక్కువుందని.

పిట్స్‌బర్గ్_పద్దు
అదీ సంగతి. ముందు పెట్టెలు మిట్ట దాటి కిందకి పోతూ వెనకదాన్ని లాగేస్తాయి. దాంతో వెనకున్నవాళ్లు మిట్ట మీదే వేగం అందుకుంటారు, విసురు ఎక్కువ. బుల్లోడు గారూ, నాన్నగారిని మధ్యలో కూర్చోబెట్టండి. పొద్దున్నే వెళ్లండి. చల్లటి పూట గ్రీజు ఇంకా బిగుసుకునే ఉంటుంది, బండి కాస్త నెమ్మదిగా పోతుంది. మధ్యాహ్నం ఎండ తగిలి గ్రీజు కరిగాక అదే బండి వేరే బండి.

నిజామాబాద్_నర్సింగ్
నాదొక డౌటు. వందేండ్ల చెక్క అంటుండ్రు. సముద్రం ఒడ్డున, ఉప్పు గాలికి, వానకు వందేండ్లు చెక్క ఎట్ల ఉంటది? చెదలు పట్టదా? అంటే మార్చుకుంటనే వస్తుండ్రు గదా. మార్చినంక అది పాతదెట్లయితది? మా తాత గొడ్డలి అని చెప్పి కట్టె మా నాయన మార్చిండు, ఇనుము నేను మార్చిన అంటే ఇంక తాతదేం మిగిలింది?

ఉప్పుడు_పిండి
నర్సింగ్ గారికి వెయ్యి వీరతాళ్లు.

పాత_కాపు
2020లో అంతర్వేది రథం కాలిపోయింది, గుర్తుందా. కొత్తది చేయించారు. కొత్త టేకు, కొత్త చక్రాలు. భీష్మ ఏకాదశికి తాడు పట్టుకుని లాగేవాడెవడైనా "ఇది మా స్వామి రథం కాదు" అన్నాడా? పూరీలో అయితే ఏటా కొత్త రథాలే. అదే కొలత, అదే పద్ధతి, అదే దారి. కోస్టరైనా అంతే. చర్చ్ గీసిన గీత ఎక్కడుందో బండి ఇప్పటికీ అక్కడే వంగుతోంది.

నిజామాబాద్_నర్సింగ్
రథానికి దేవుడుంటడు కాకా. దీన్ల ఎవరుంటరు?

పాత_కాపు
దీంట్లో నర్సింగ్ ఉంటాడు, కళ్లు మూసుకుని "స్వామీ" అంటూ. దేవుడు రాకేం చేస్తాడు.

గోంగూర_గోపి
చర్చ్ ఎవరు? లూఫ్ కదా కట్టింది?

పాత_కాపు
గీసింది ఫ్రెడరిక్ చర్చ్, కట్టింది ఆర్థర్ లూఫ్. ఈ ఆర్థర్ తండ్రి చార్లెస్ లూఫ్, యూరప్ నుంచి వలస వచ్చిన చెక్క పనివాడు. ఎంకి గారు సంతోషించే మాట, కోనీ ఐలాండ్‌లో మొట్టమొదటి రంగులరాట్నం చేసింది ఆయనే, 1876లో. శాంటాక్రూజ్ బోర్డ్‌వాక్‌లో 1911 నాటి రంగులరాట్నం ఉంది చూడండి, ఆ గుర్రాలు ఆయన చేతివే. తండ్రి గుర్రాలు తిరిగే చోటే కొడుకు పదమూడేళ్ల తర్వాత కోస్టర్ నిలబెట్టాడు. భూకంపం, బెలూన్, విమానం మీంచి పడిపోవడం, ఈ మూడూ కలిపి ఒక్క బండిలో పెట్టాలని ఆర్థర్ కోరికట. భూకంపం తర్వాత నిజంగానే వచ్చింది పాపం.

ఎడిసన్_ఎంకి
చూశారా, చివరికి మీ గుర్రాలు కూడా మా ఊరి సరుకే.

బిట్రగుంట_బుల్లోడు
ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఇన్ని రిప్లైలు. నాన్న నా భుజం మీద నుంచి ఇదంతా చదువుతున్నారు, చిన్న అక్షరాలైతే నన్ను చదవమంటున్నారు. డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే బీపీ రాయడం మొదలుపెట్టాం. "చిన్న రైలు" మాట నాన్న చదివి ముసిముసి నవ్వు నవ్వారు, అది నాకు నచ్చలేదు.

నట్టు గారికి ఆయన ప్రశ్న ఒకటుంది. ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ఊగడం సంగతి నాకు తెలుసు బాబూ. రైలు పట్టా కింద అడ్డంగా వేసే స్లీపర్ కూడా బరువు పడితే దిగి లేస్తుంది, లేవకపోతేనే అనుమానించాలి. నాకు కావాల్సింది అది కాదు. పొద్దున మొదటి బండికి ముందు దాని మీద ఎవరు నడుస్తారు? చేతిలో ఏం పట్టుకుని నడుస్తారు?"

నట్టు_బోల్టు
ఇన్నేళ్లుగా ఈ కోస్టర్ల గురించి మాట్లాడుతున్నాను, ఇంత సరైన ప్రశ్న ఎవరూ అడగలేదు. నాన్నగారికి చెప్పండి: నడుస్తారు. పాత చెక్క కోస్టర్లు నడిపే చోటల్లా రోజూ తెరవకముందే పనివాళ్లు పట్టా పొడుగూతా నడిచి చూస్తారు. ఈ పనివాళ్లు ఎక్కువగా వడ్రంగులే. పక్కన సన్నటి నడకదారి, చెయ్యి పట్టుకోడానికి కమ్మీ ఉంటాయి, ఫొటోలో పెద్దది చేసి చూస్తే కనిపిస్తుంది. నడుముకి రెంచీ, సుత్తి. వదులైన బోల్టు బిగించడం, పైకి లేచిన మేకు కొట్టడం, మెత్తబడ్డ పలక కనిపిస్తే గుర్తు పెట్టడం. తర్వాత ఖాళీ బండి తిప్పుతారు, ఆ తర్వాతే మనుషులు. నర్సింగ్ గారి గొడ్డలికి జవాబు కూడా ఇదే. చెడింది చెడినట్టు మారుస్తూ పోతారు కాబట్టే అది నిలబడింది. దానికి రంగు కూడా సోకుకి కాదు, ఉప్పుగాలి నుంచి కర్రని కాపాడ్డానికి.

బిట్రగుంట_బుల్లోడు
చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మతో "అది కీమ్యాన్ ఉన్న బండే" అన్నారు. అమ్మకి అర్థమయింది. నాన్న తెల్లవారుజామున పట్టా చూసే బీటుకి పోయేటప్పుడు టిఫిన్ డబ్బా కట్టింది ఆమే కదా. "ఎక్కితే ఎక్కావు గానీ కళ్లజోడు నాకిచ్చి ఎక్కు" అంది. ఇది మా ఇంట్లో అంగీకారం కిందే లెక్క.

చిన్నప్పుడు సెలవుల్లో నన్నూ ఒకట్రెండు సార్లు బీటు వెంట తీసుకెళ్లారు. భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా ఆకుపచ్చజెండా చుట్టి. నడుస్తూ నడుస్తూ, పట్టాని బిగించి పట్టే కీ మీద సుత్తితో ఒక్కటి కొట్టేవారు. "టంగ్" అంటే ముందుకి. "టప్" అంటే ఆగి బిగించేవారు. కంటితో చూసి కాదు, చెవితో. మొన్న కంచె దగ్గర నలభై నిమిషాలు ఆయన చూడ్డం లేదు, వింటున్నారు. ఇప్పుడు తడుతోంది నాకు.

వెన్నెల_ముగ్గు
బుల్లోడు గారూ, ఆఫీసులో చదువుతున్నా, కళ్లు తుడుచుకునేలా చేశారు. కాస్త కాజా గారి జోకు పంపండి ఎవరైనా.

కాకినాడ_కాజా
నా దగ్గర స్టాకు లేదండీ, నేనూ అదే పనిలో ఉన్నాను.

మెల్‌బోర్న్_మావయ్య
ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ పొద్దు వేరు. రైల్వే నాన్నగారికి ఒక మాట. ఇక్కడ మెల్‌బోర్న్‌లో, సెయింట్ కిల్డాలో లూనా పార్క్ అని ఉంది. అక్కడ గ్రేట్ సీనిక్ రైల్వే 1912లో మొదలై ఇప్పటికీ తిరుగుతోంది, మీ రెండింటికంటే పాతది. దాని విశేషం ఏంటంటే బండి మధ్యలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. బ్రేకు మనిషి. పట్టా మీద బ్రేకులుండవు, దిగుడు చూసి, వేగం చూసి ఆయనే లివర్ లాగుతాడు. ఒక పక్క సముద్రం, బండి నిండా అరుపులు, ఆయన మాత్రం బస్సు కండక్టర్లా తాపీగా నిలబడి ఉంటాడు. కోపెన్‌హాగెన్‌లో టివోలీ తోటలో 1914 నాటిది ఒకటుంది, అక్కడా ఇదే పద్ధతి. నేను ఎక్కినప్పుడల్లా ఆయన చేతినే చూస్తూ కూర్చుంటా.

నిజామాబాద్_నర్సింగ్
బ్రేక్ వేసెటాయన పండుగకు లీవ్ పెడితే?

మెల్‌బోర్న్_మావయ్య
నువ్వు రా నర్సింగూ, ఉద్యోగం ఇప్పిస్తా.

లంచ్_బాక్స్
టాపిక్ పక్కకి పోతున్నందుకు సారీ. జెయింట్ డిప్పర్‌కి 50 అంగుళాల ఎత్తు ఉండాలంటున్నారు. మావాడు 49. రెండు జతల సాక్సులు వేస్తే?

రాత్రి_డ్యూటీ_డాక్టర్
వద్దు. ఆ కొలత ఒళ్లో దిగే కమ్మీ ఒంటికి సరిగ్గా ఆనడం కోసం పెట్టింది. సాక్సులు వేస్తే నడుము పెరగదు. ఒక్క అంగుళమేగా, వచ్చే ఏడాదికి పెరుగుతాడు. ఈలోపు 1911 రాట్నం ఎక్కించండి, అక్కడ వాడు మిమ్మల్ని దిగనివ్వడు.

సన్నీవేల్_సుబ్బు
బోర్డ్‌వాక్ లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, రైడ్లకే. కాబట్టి బుల్లోడు అమ్మగారు డాలర్లని రూపాయల్లోకి మార్చే పని తగ్గుతుంది.

బిట్రగుంట_బుల్లోడు
తగ్గలేదు. నీళ్ల సీసాకి కూడా మార్చింది.

ఉప్పుడు_పిండి
నేను ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఏమైందో వచ్చి చెప్పండి.

బిట్రగుంట_బుల్లోడు
వెళ్లొచ్చాం. డాక్టర్ ఫోన్లో సరేనన్నారు, కుదుపు సంగతి విడమరిచి చెప్పాకే.

తెరిచే వేళకి ముందే వెళ్లి కంచె దగ్గర నిలబడ్డాం. మంచు ఇంకా విడలేదు, దూలాల మీద తడి మెరుస్తోంది. ఖాళీ బండి తిరుగుతుంటే నాన్న కళ్లు మూసుకుని విన్నారు. మొదటిసారి, రెండోసారి. మూడోసారికి కళ్లు తెరిచి "పద" అన్నారు.

పద్దు గారు చెప్పినట్టు మధ్యలో కూర్చోబెట్టా. బండి కదలగానే చీకటి సొరంగంలోకి తోసేస్తుంది, అది నాకు ఎవరూ చెప్పలేదు! ఆ చీకట్లో అరిచింది నేనే, ఒప్పుకుంటున్నా. బయటికి రాగానే ఎక్కుడు, టకటకటక. నాన్న నా చెయ్యి మీద వేలితో దానికి తాళం వేస్తున్నారు. పైన ఒక్క క్షణం సముద్రం మొత్తం కనిపించింది. తర్వాత నాకు గుర్తులేదు. అర మైలు పట్టా, దాదాపు రెండు నిమిషాలు. నేను అరుస్తూనే ఉన్నా. ఆయన నోరు విప్పలేదు.

దిగాక కాళ్లు వణుకుతున్నాయి, నావి. ఆయన ఒక బల్ల మీద కూర్చుని జుట్టు సర్దుకుని అన్న మొదటి మాట: "పొద్దున ఎవరో శ్రద్ధగా నడిచారురా."

వెన్నెల_ముగ్గు
మళ్లీనా? నేను ఆఫీసులో ఉన్నాను మహాప్రభో.

నట్టు_బోల్టు
ఆ మాట నాకు ఇవ్వండి, ఫ్రేము కట్టించుకుంటా.

రాత్రి_డ్యూటీ_డాక్టర్
బీపీ చూశారా దిగాక?

బిట్రగుంట_బుల్లోడు
అరగంట తర్వాత చూశాం డాక్టర్ గారూ. ఆయనది ఎప్పటిలాగే ఉంది. నాదే ఎక్కువుంది.

లంచ్_బాక్స్
అమ్మగారు ఏం చేశారు ఈలోపు?

బిట్రగుంట_బుల్లోడు
ఆమె రాట్నం దగ్గర దొరికింది. గుర్రం ఎక్కి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని. ఆ రాట్నంలో తిరుగుతూ పక్కనున్న గొట్టంలోంచి రింగు లాక్కుని, ఎదురుగా గోడమీద జోకరు బొమ్మ నోట్లోకి విసరాలి. ఇలాంటి రింగుల రాట్నాలు ఇప్పుడు ఎక్కడో గానీ లేవట. ఎనిమిది విసిరితే ఒకటి పడింది. ఆ ఒక్కదాని గురించి కావలిలో ఉన్న మా పిన్నికి వీడియో కాల్, పెదనాన్నకి వీడియో కాల్, పక్కింటావిడకి వీడియో కాల్. నాన్న వందేళ్ల కోస్టర్ ఎక్కిన సంగతి ఎవరికీ చెప్పనే లేదు.

పిట్స్‌బర్గ్_పద్దు
మా అత్తగారికీ మీ అమ్మగారికీ నంబర్లు కలపాలి.

ఉప్పుడు_పిండి
సరే. మధ్య పెట్టె, పొద్దుటి పూట. మెడకి బెల్టు పెట్టుకుని ప్రయత్నిస్తా.

రాత్రి_డ్యూటీ_డాక్టర్
మెడకి బెల్టు అవసరమైన మనిషి ఎక్కకూడదండీ.

ఉప్పుడు_పిండి
చూశారా, నేను మొదట్నించీ అదే చెప్తున్నా.

సన్నీవేల్_సుబ్బు
అంకుల్ మళ్లీ ఎక్కారా?

బిట్రగుంట_బుల్లోడు
ఎక్కారు, మధ్యాహ్నం గ్రీజు కరిగాక, చివరి పెట్టెలో. వద్దంటే "నన్ను గార్డు పెట్టెలో కూర్చోనివ్వరా" అన్నారు. ఇంటికొచ్చాక ఈ పేజీ మళ్లీ తీయించి మెల్‌బోర్న్ మావయ్య రాసింది రెండుసార్లు చదివారు. ఇప్పుడు మెల్‌బోర్న్‌కి టికెట్ ఎంతో చూడమంటున్నారు. అమ్మ రూపాయల్లోకి మారుస్తోంది.